అట్లాంటిక్ దాటే టికెట్టు: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

అమెరికాలో చదువుకుంటున్న అక్కలు, అన్నలు, వదినలు ఉన్నవాళ్లు మన కాలేజీలో తక్కువేం కాదు. అక్కడికి వెళ్లిన రెండో ఏడో మూడో ఏడో వాళ్లలో చాలామందికి ఒక కోరిక పుడుతుంది. ఇంత దూరం వచ్చాం, యూరప్ పక్కనే కదా, ఒకసారి చూసి వద్దామని. "పక్కనే" అన్నది పటం మీద మాట. బోస్టన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి సుమారు 5,900 కిలోమీటర్లు. మన చెన్నై నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి మూడింతల పైమాటే. అయినా ఆ దూరానికి టికెట్టు ఒక్కోసారి నమ్మలేనంత చవకగా కనిపిస్తుంది, మర్నాడే గుండె గుభేలుమనేలా పెరుగుతుంది. ఇది ఎందుకిలా జరుగుతుంది, చదువుకునే పిల్ల తన డబ్బుతో ఎలా లెక్క వేసుకోవాలి అన్నది రాద్దామని ఈ ప్రయత్నం.

నాకెందుకు ఈ గొడవ అంటే, మా అక్క బోస్టన్‌లో ఎం.ఎస్. చేస్తోంది. మా పెద్దమ్మ కూతురు ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటుంది. ఆవిడ పాపకి జూన్ మొదటి వారంలో అన్నప్రాసన. అక్క కాలేజీ లైబ్రరీలో పనిచేసి దీనికోసమని దాచింది 900 డాలర్లు. ఇంట్లో ఒక్క రూపాయి అడగనని ముందే చెప్పేసింది. "నువ్వెలాగూ రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటావు కదే, కాస్త టికెట్లు చూసిపెట్టు" అని పని నామీద పెట్టింది. ఫిబ్రవరి నుంచి చూస్తున్నాను.

ముందు కొంచెం పాత కథ. ఒకప్పుడు అట్లాంటిక్ మీద టికెట్టు ధరలు విమాన కంపెనీలన్నీ కూర్చుని, ఐఏటీఏ అనే తమ సంఘం ద్వారా ఒప్పుకున్నవే. పోటీ అన్నది వడ్డించే భోజనంలోనే తప్ప ధరలో కాదు. ఆ ఒప్పందానికి బయట ఉన్నది ఐస్లాండ్ వాళ్ల లోఫ్ట్‌లెయిడిర్. దాంట్లో ఎక్కితే మధ్యలో ఐస్లాండ్‌లో దిగి మళ్లీ ఎగరాలి, చేరేది లక్సెంబర్గ్. టైము ఎక్కువ, డబ్బు తక్కువ. 1960లలో యూరప్ చూడబోయిన అమెరికా కుర్రకారు అంతా దాన్నే పట్టుకున్నారు, అందుకే దానికి హిప్పీల విమానమని పేరొచ్చింది. తర్వాత 1977 సెప్టెంబరులో ఫ్రెడ్డీ లేకర్ అనే ఇంగ్లీషాయన లండన్ నుంచి న్యూయార్క్‌కి స్కైట్రెయిన్ మొదలుపెట్టాడు. ఒకవైపు టికెట్టు 59 పౌన్లు. రిజర్వేషన్ లేదు, భోజనం కావాలంటే కొనుక్కోవాలి. మన ఊళ్లో అన్‌రిజర్వుడు పెట్టెకి నిలబడ్డట్టు జనం క్యూ కట్టారు. 1982 ఫిబ్రవరిలో ఆ కంపెనీ కూలిపోయింది.

ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. ఐస్లాండ్‌దే వావ్ అనే కంపెనీ 2019 మార్చిలో మూతపడింది. అదే దారిలో వచ్చిన ప్లే 2025 సెప్టెంబరులో ఆగిపోయింది. నార్వేజియన్ వాళ్లు 2021లో అట్లాంటిక్ దాటడం మానేశారు. కాబట్టి ఈ దారిలో మరీ చవక టికెట్టు కొనేవాళ్లు ఒక పని చేయాలి. డబ్బు క్రెడిట్ కార్డుతో కట్టాలి. కంపెనీ మాయమైతే, ఇవ్వని సేవకి కట్టిన డబ్బు వెనక్కి అడగడానికి ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు ఒక దారి.

ఇక ధర ఎందుకు గంటకో రకంగా ఉంటుంది? విమానంలో ఎకానమీ సీట్లన్నీ చూడటానికి ఒకటే. కంపెనీ పుస్తకంలో మాత్రం అవి అరలు అరలుగా ఉంటాయి. ఒక్కో అరకి ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక ధర, కొన్ని షరతులు. అన్నిటికంటే కింది అరలో ఉన్న కొద్ది సీట్లు అమ్ముడైపోగానే పై అర ధర కనిపిస్తుంది. కంపెనీ చూసి చూసి, సీట్లు మిగిలేలా ఉంటే కింది అర మళ్లీ తెరుస్తుంది. అందుకే ఇద్దరు కలిసి వెళ్లేటప్పుడు ముందు ఒక్కరికే ధర వెతికి చూడాలి. కింది అరలో ఒక్క సీటే ఉంటే, ఇద్దరికని అడిగినప్పుడు ఇద్దరికీ పై ధర వేసేస్తుంది. ఒక్కొక్కరికి విడిగా కొంటే ఒకరిదైనా తగ్గుతుంది. మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక అని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, నేను దాన్ని పట్టించుకోవడం మానేశాను. ఏ రోజు కొన్నామన్నదానికంటే ఏ రోజు ఎగురుతున్నామన్నదే పెద్ద తేడా తెస్తుంది. శుక్రవారం, ఆదివారం కంటే వారం మధ్యలో సాధారణంగా తక్కువ.

కాలం సంగతీ అంతే. అట్లాంటిక్ మీద జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా మన సంక్రాంతి బస్సుల పరిస్థితి. క్రిస్మస్ ముందు కూడా అంతే. జనవరి మధ్య నుంచి మార్చి మొదలు దాకా బాగా తక్కువ, ఎందుకంటే ఆ చలికి ఎవరూ వెళ్లరు. ఏప్రిల్, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు మధ్యస్థం. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల పట్టిక తెరిస్తే ఇదంతా రంగుల్లో కనిపిస్తుంది. మనకి కావలసిన తేదీలకి ధర మారినప్పుడు మెయిల్ పంపమని అడగొచ్చు కూడా. నేను చేసింది ముఖ్యంగా అదే.

ఏ ఊళ్ల మధ్య చవక అన్నది ఇంకో లెక్క. వలస వెళ్లిన జనం ఎక్కడుంటే విమానాలు అక్కడ ఉంటాయి. చెన్నై నుంచి సింగపూర్‌కి, కౌలాలంపూర్‌కి అన్ని విమానాలెందుకున్నాయో మనకి తెలుసు. అలాగే బోస్టన్ చుట్టుపక్కల ఐర్లండ్ వాళ్లు, పోర్చుగీసు వాళ్లు తరతరాలుగా ఉన్నారు. అందుకే అక్కడినుంచి డబ్లిన్‌కి, లిస్బన్‌కి, చివరికి సముద్రం మధ్యలో ఉన్న అజోర్స్ దీవులకి కూడా నేరుగా విమానం ఉంది. యూరప్‌లో ఏ ఊరైనా పరవాలేదు అనుకునేవాళ్లు ఇలాంటి ఊళ్లో దిగి, అక్కడినుంచి ముందుకు వెళ్లడం తెలివైన పని. తిరుగు ప్రయాణం ఎక్కడ మొదలవుతుందన్నది కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో విమానం ఎక్కే ప్రయాణికుడి మీద ప్రభుత్వం పన్ను వేస్తుంది. 2025లో అమెరికా దూరానికి ఎకానమీలో అది 90 పౌన్లు. జర్మనీలో కూడా 2011 నుంచి అలాంటి పన్ను ఉంది. ఐర్లండ్ తనదాన్ని 2014లో తీసేసింది. అందుకే ఒక ఊళ్లో దిగి వేరే ఊళ్లో ఎక్కే టికెట్టు కొన్నిసార్లు తక్కువ పడుతుంది.

ఇప్పుడు మా అక్క లెక్క. మొదట్లో మాకు దొరికిన అతి చవక దారి ఇది: బోస్టన్ నుంచి లండన్‌కి రానూపోనూ 380 డాలర్లు, లండన్ నుంచి వేరే కంపెనీలో ఫ్రాంక్‌ఫర్ట్ హాన్‌కి రానూపోనూ 60. మొత్తం 440. అక్క ఎగిరి గంతేసింది. తర్వాత కాగితం తీసుకుని కూర్చున్నాం. 380ది బేసిక్ ఎకానమీ. పెట్టె వేయాలంటే ఒకవైపుకి 75 డాలర్లు, అంటే 150. రెండో కంపెనీకి పెట్టె 70. ఆ రెండో విమానం లండన్‌లో వేరే విమానాశ్రయం నుంచి బయల్దేరుతుంది. హాన్ అన్నది పేరుకే ఫ్రాంక్‌ఫర్ట్, ఊరికి 120 కిలోమీటర్ల దూరం. ఈ బస్సులన్నిటికీ ఇంకో 70. మొత్తం 730 అయింది. నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగే మామూలు ఎకానమీ టికెట్టు పెట్టెతో కలిపి 840.

తేడా 110 డాలర్లు. అక్కకి అది దాదాపు వారం జీతం. అయినా మొదటి దారి వద్దన్నాను. రెండు టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే, రెండో కంపెనీకి మనతో ఏ బాధ్యతా లేదు. అన్నప్రాసన తేదీ మనకోసం ఆగదు. పైగా లండన్‌లో పెట్టె తీసుకుని బయటికి రావాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే. అడుగుపెట్టే ముందు బ్రిటన్ నియమాలు చూసుకోవాలి. షెంగెన్ వీసా బ్రిటన్‌లో గానీ ఐర్లండ్‌లో గానీ చెల్లదు.

అసలు మనవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఈ వీసా సంగతే. చవక టికెట్ల గురించి అమెరికా వాళ్లు చెప్పే సలహాలన్నీ అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి. సాయంత్రం చవక ధర చూసి వారంలో ఎగిరిపోవడం వాళ్లకి కుదురుతుంది. భారత పాస్‌పోర్టుతో జర్మనీకైనా, పోర్చుగల్‌కైనా షెంగెన్ వీసా కావాలి. అమెరికాలో ఉంటున్నవాళ్లు అక్కడే, తమ రాష్ట్రం ఏ కాన్సులేట్ కిందికి వస్తే అక్కడ అడగాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు దాకా దరఖాస్తు చేయొచ్చు. ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. తిరిగి అమెరికాలోకి రావడానికి పాస్‌పోర్టులో ఎఫ్-1 వీసా గడువు ఉండాలి. ఐ-20 మీద ప్రయాణానికి కాలేజీ వాళ్ల సంతకం ఏడాదిలోపుది ఉండాలి.

చిక్కు ఎక్కడంటే, చవక టికెట్టు ముందే కొనాలి, వీసా తర్వాత గానీ రాదు. వీసా రాకపోతే బేసిక్ ఎకానమీ డబ్బు చాలావరకు పోయినట్టే. అమెరికాలోని పెద్ద కంపెనీలు 2020 నుంచి మామూలు ఎకానమీలో తేదీ మార్పుకి జరిమానా తీసేశాయి. రద్దు చేసుకుంటే ఆ విలువ మరో ప్రయాణానికి వాడుకోవచ్చు. బేసిక్‌కి ఈ సౌకర్యం లేదు. కాబట్టి ఆ రెండిటి మధ్య తేడాని నేను ఖర్చుగా చూడను, వీసా రాకపోతే అన్న భయానికి కట్టే బీమాగా చూస్తాను. వీసా చేతికొచ్చాక కొనేవాళ్లయితే బేసిక్ కొనుక్కోవచ్చు, అభ్యంతరం లేదు.

ఇంతదాకా వచ్చాక అమ్మ ఒక ప్రశ్న వేసింది. "అది ఎలాగూ జులైలో ఇంటికి రావాలి కదా, వచ్చే దారిలో జర్మనీ లేదా?" ఉంది! బోస్టన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి చెన్నైకి నేరుగా విమానాలున్నాయి. ఒకే టికెట్టులో మధ్య ఊళ్లో 24 గంటలు దాటి ఆగితే దాన్ని స్టాపోవర్ అంటారు. మామూలుగా వెతికితే అది కనిపించదు. మల్టీ-సిటీ అన్నచోట మూడు ప్రయాణాలూ విడిగా రాయాలి: బోస్టన్–ఫ్రాంక్‌ఫర్ట్, తొమ్మిది రోజుల తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్–చెన్నై, ఆగస్టులో చెన్నై–బోస్టన్. ఆ రోజు మామూలు బోస్టన్–చెన్నై రానూపోనూ 1,140 డాలర్లు ఉంది. మధ్యలో ఆగితే 1,265. పెట్టె రెండిట్లోనూ కలిసే ఉంది. అంటే అన్నప్రాసనకి అట్లాంటిక్ దాటే ఖర్చు 125 డాలర్లు! ఇంటికొచ్చే టికెట్టు డబ్బు అక్క ఎప్పుడో వేరే తీసిపెట్టింది. వీసా, బీమా, అక్కడి రైళ్లు పోను 900లో సగం పైన మిగులుతుంది. జులై ప్రయాణం జూన్‌కి జరిగింది కాబట్టి మామిడిపళ్లు పూర్తిగా అయిపోకముందే వస్తుందని అమ్మకి ఇంకో సంతోషం.

ఇంటికొచ్చే ఆలోచన లేనివాళ్లకి ఇది పనికిరాదు. వాళ్లకి ఐస్లాండెయిర్ లాంటివి ఉన్నాయి. యూరప్‌కి వెళ్తూ ఐస్లాండ్‌లో ఏడు రోజుల దాకా ఆగినా టికెట్టు ధర పెంచరు. ఐస్లాండ్ కూడా షెంగెన్‌లోదే. అక్కడ భోజనం ఖరీదు మాత్రం కళ్లు తిరిగేలా ఉంటుంది, పులిహోర పొట్లం కట్టుకుపోవాలి.

రెండు చిన్న సంగతులు. అమెరికా నియమం ప్రకారం, ప్రయాణానికి ఏడు రోజులో అంతకంటే ముందో కంపెనీ దగ్గరే నేరుగా టికెట్టు కొంటే, 24 గంటల్లోపు పైసా పోకుండా రద్దు చేసుకోవచ్చు. లేదా కట్టకుండానే ఆ ధర 24 గంటలు పట్టి ఉంచుకోవచ్చు. రెండిట్లో ఏదో ఒకటి కంపెనీ ఇవ్వాలి. మా అక్క ఆ ఒక్క రోజులో ఐ-20 సంతకం తేదీ చూసుకుంది, పెద్దమ్మకి ఫోన్ చేసి ముహూర్తం ఖాయం చేసుకుంది. రెండోది, యూరోపియన్ యూనియన్ నియమం 261. అక్కడినుంచి బయల్దేరే ఏ విమానానికైనా, అక్కడికి వచ్చే యూరప్ కంపెనీ విమానానికైనా ఇది వర్తిస్తుంది. కంపెనీ తప్పు వల్ల నాలుగు గంటలకి మించి ఆలస్యంగా చేరితే అట్లాంటిక్ దూరానికి 600 యూరోల పరిహారం. అమెరికా కంపెనీలో అమెరికా నుంచి వెళ్తే ఇది రాదు. ధర సమానంగా ఉన్నప్పుడు నేను యూరప్ కంపెనీ వైపే మొగ్గుతాను.

అక్క వీసా అపాయింట్‌మెంటు ఏప్రిల్ రెండో వారంలో. లెక్క వేసిన కాగితం నకలు ఈ వ్యాసం పక్కనే పిన్ను చేశాను. కావలసినవాళ్లు ఫోన్లో ఫొటో తీసుకోండి, కాగితం మాత్రం పీక్కుపోవద్దు.