నవ్వించేవాళ్ల తీరిక కబుర్లు

తెరమీద ఊపిరి తిప్పుకోనివ్వకుండా నవ్వించే హాస్యనటులు ఇద్దరు పక్కపక్కన కూర్చుని నిదానంగా మాట్లాడుకుంటుంటే... వినడంలో అదో హాయి. అందులో ఏముంది అంత మహత్యం? నెల్లూరు తీరంలో పుట్టిన ఓ బక్కపలచని హాస్యనటుడితో మొదలుపెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది.

రాత్రి భోజనాల వేళ. టీవీలో కామెడీ స్కిట్ నడుస్తూ ఉంటుంది. పంచ్ మీద పంచ్. ఇంటిల్లిపాదీ నవ్వుతారు. అన్నం తిని చేయి కడుక్కునేసరికి ఏ మాటకి నవ్వామో గుర్తుండదు. చానల్ మారిస్తే ఇద్దరు హాస్యనటులు ఎదురెదురుగా కూర్చుని, మద్రాసులో వేషాల కోసం తిరిగిన రోజులు తలుచుకుంటున్నారనుకోండి. జోకులు తక్కువే. మధ్యమధ్యలో కాసేపు మాటలే ఉండవు. అయినా రిమోట్ మీద చెయ్యి కదలదు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. తాతగారు ‘కాస్త సౌండు పెంచరా’ అంటారు.

ఈటీవీలో 2016లో మొదలైన ‘అలీతో సరదాగా’ కొన్నేళ్లపాటు తెలుగు ఇళ్లలో చేసిన పని అదే. ‘సీతాకోకచిలుక’(1981)లో బాలనటుడిగా కనిపించిన అలీ, పెరిగి పెద్దయి హాస్యనటుడై, ఆనక తోటి నటుల్ని కూర్చోబెట్టి పాత సంగతులు కదిపాడు. వచ్చిన అతిథి కూడా హాస్యనటుడే అయితే ఆ కార్యక్రమానికి మరో రుచి వచ్చేది. అడిగేవాడికీ ఆ కష్టం తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ‘నవ్వించడం ఎలా?’ లాంటి ప్రశ్నలు వాళ్ల మధ్య రావు. ‘ఆ రోజు సెట్లో ఏమైందీ...’ అంటూ ఒకరు అందుకుంటే రెండోవారికి మిగతా సగం గుర్తొస్తుంది.

పెన్న తీరం నుంచి మద్రాసుకు

మైపాడు తీరంలో కెరటాల హోరు విన్నవాళ్లకు ఇందుకూరుపేట మండలం కొత్త కాదు. గాంధీజీ 1921 ఏప్రిల్‌లో ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉన్న పల్లిపాడు అక్కడిదే. అదే ఏడాది అక్టోబరు 1న నెల్లూరు జిల్లా జగదేవిపేటలో తిక్కవరపు వెంకటరమణారెడ్డి పుట్టాడు. తెలుగువాళ్లందరికీ ఆయన ఒట్టి రమణారెడ్డి. గాలి కాస్త గట్టిగా వీస్తే ఎగిరిపోతాడేమో అనిపించే మనిషి. పొడుగాటి చేతులు, మెలికలు తిరిగే నడక. ఆ ఆకారం కనిపిస్తే చాలు, హాలు గొల్లుమనేది.

సినిమాల్లోకి రాకముందు ఆయన నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఇంటింటికీ, వీధివీధికీ తిరిగే ఉద్యోగం. మునిసిపాలిటీ మీద కోపం, కుళాయి దగ్గర కొట్లాట, ఇన్‌స్పెక్టరు కనబడగానే వంగి పెట్టే దొంగ దణ్ణం... ఒక నటుడికి ఇంతకన్నా మంచి బడి ఎక్కడ దొరుకుతుంది? 1952లో ‘మానవతి’తో వెండితెర మీదకు వచ్చాడు. ‘మిస్సమ్మ’(1955)లో అప్పు పేరుతో మేరీ వెంటపడే డేవిడ్, ‘మాయాబజార్’(1957)లో చిన్నమయ్య, ‘గుండమ్మ కథ’(1962)లో గంటయ్య... ఒకదానితో ఒకటి పోలిక లేని వేషాలు. ‘గుండమ్మ కథ’లో ఆయనతోపాటు కనిపించే రాజనాలదీ నెల్లూరు జిల్లాయే. కావలి ఆయన స్వస్థలం.

రమణారెడ్డిలో చాలామందికి తెలియని మరో మనిషి ఉన్నాడు. ఆయన మంచి ఇంద్రజాలికుడు. సేవా సంస్థల కోసం ఉచితంగా మ్యాజిక్ ప్రదర్శనలు ఇచ్చేవాడు. ఇంద్రజాలానికి చేతివేగం ఎంత అవసరమో, ఎదుటివాణ్ని మాటల్లో పెట్టడమూ అంతే అవసరం. ఆ మాటల్లో తొందర కనిపించిందా, గుట్టు రట్టయినట్టే. నిదానంగా, చల్లగా, పనేమీ లేనట్టు మాట్లాడుతూ ఉండాలి. గంటయ్య గుండమ్మ పక్కన చేరి ఎగదోసే సన్నివేశాలు మరోసారి చూడండి. సూర్యకాంతం గొంతు అంత ఎత్తున లేస్తుంటే, రమణారెడ్డి తన గొంతును ఎక్కడ ఎంత తగ్గిస్తాడో గమనించండి. నవ్వు అక్కడ పుడుతుంది.

వినడమూ ఓ విద్యే

రేలంగి పేరు చెబితే రమణారెడ్డి పేరు వెంటే వస్తుంది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన రేలంగి వెంకట్రామయ్య ఆయనకన్నా పదకొండేళ్లు పెద్ద. 1935లోనే ‘శ్రీకృష్ణ తులాభారం’తో సినిమాల్లోకి వచ్చినవాడు. 1970లో పద్మశ్రీ అందుకున్నాడు. ఒకరు బొద్దుగా, మరొకరు పుల్లలా. ఒకరిది గోదావరి నీళ్లు, మరొకరిది పెన్న నీళ్లు. ‘మిస్సమ్మ’, ‘ఇల్లరికం’(1959) లాంటి సినిమాల్లో ఇద్దరూ ఉన్నారు. పాత సినిమాల అభిమానులకు ఈ జంట అంటే ఇప్పటికీ మోజే.

జంట హాస్యంలో ఒక కిటుకు ఉంది. మాట అనేవాడికన్నా వినేవాడి మీదే బరువు ఎక్కువ. ఒకరు మాట అన్నాక రెండోవారు వెంటనే అందుకోకూడదు. ఆ మాట చెవిలో పడాలి, మనసులోకి దిగాలి, మొహంలో మార్పు రావాలి. ప్రేక్షకుడు నవ్వేది ఆ మార్పు చూసే. అందుకే మంచి హాస్యనటుడు ముందు మంచి శ్రోత. కెమెరా లేనప్పుడు కూడా ఆ అలవాటు పోదు. ఇద్దరు హాస్యనటుల కబుర్లు మనకు నచ్చడానికి మొదటి కారణం ఇదే. వాళ్లు ఒకరి మాట ఒకరు వింటారు! నలుగురు కూర్చుంటే నలుగురూ ఒకేసారి మాట్లాడే చర్చా కార్యక్రమాలు చూసీ చూసీ ఉన్న మనకు అదే పెద్ద వింత.

రాత్రంతా సాగిన ముచ్చట్లు

ఇదేమీ టీవీ తెచ్చిన ముచ్చట కాదు. తోలుబొమ్మలాట చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే అడగండి. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు... ఈ పేర్లు వినగానే వాళ్ల మొహం విప్పారుతుంది. రామాయణమో, భారతమో నడుస్తుంటుంది. రాముడు, రావణుడు, ద్రౌపది వచ్చి పద్యాలు పాడి వెళ్తారు. మధ్యలో తెర మీదకు ఈ బొమ్మలు వస్తాయి. కథతో వాళ్లకు పెద్ద పనుండదు. మొగుడూ పెళ్లాల గొడవ, ఊళ్లో పెద్దమనిషి పిసినారితనం, ఈ ఏటి పంట... ఏదైనా మాట్లాడుకుంటారు. అందులో కాస్త మోటు సరసం కూడా ఉండేది. కథ తెల్లారేదాకా సాగాలి కనక వాళ్లకు తొందరేమీ లేదు. ఊరివాళ్లకు దేవుళ్ల కథ ఎటూ తెలిసిందే. తమ గురించి ఎవరైనా మాట్లాడతారా అని ఎదురుచూసింది పోలిగాడి కోసమే.

తీరప్రాంతంలో అలాంటి తీరిక మాటలు ఇప్పటికీ వినిపిస్తాయి. వేట లేని పూట చిరిగిన వలలు ఒడిలో వేసుకుని కూర్చునేవాళ్ల చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. మాటలు వాటి దారిన అవి సాగుతుంటాయి. ‘ఏంది సామీ...’ అని ఒకరు మొదలుపెడితే అది ఏ రేవులో తేలుతుందో ఎవరికీ తెలియదు. ఎవరూ కంగారుపడరు. వల ముడి పడటానికి ఎంతసేపు పడుతుందో మాటకూ అంతే.

జారిపోయిన మాటలు

ఇక్కడే ఓ బాధ ఉంది. రమణారెడ్డి 1974 నవంబరు 11న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. మద్రాసులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1975 ఆగస్టులో. అంటే తొమ్మిది నెలల తేడా. అదే ఏడాది నవంబరు 27న రేలంగి కూడా వెళ్లిపోయాడు. హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది 1977లో. ఆ ఇద్దరినీ కుర్చీలేసి కూర్చోబెట్టి, గంటసేపు తీరిగ్గా మాట్లాడించే టీవీ కెమెరా రాకముందే ఆ జంట కథ ముగిసిపోయింది.

ఆ రోజుల్లో స్టూడియోలో ఒక షాటుకు, మరో షాటుకు మధ్య లైట్లు సర్దడానికి బోలెడంత సమయం పట్టేది. ఆ ఖాళీల్లో ఎన్ని మాటలు దొర్లి ఉంటాయి! నెల్లూరు వీధుల్లో ఇన్‌స్పెక్టరు చూసిన మనుషుల కథలు, నాటకాల రోజుల్లో పడ్డ పాట్లు, జేబులో చిల్లర లేని పూటలు. సినిమాలు మిగిలాయి కనక వేషాలు మిగిలాయి. ఆ వేషాల వెనక మనిషి ఎలా మాట్లాడేవాడు, దేనికి నొచ్చుకునేవాడు, తోటి నటుడి గురించి ఏమనుకునేవాడు... ఇవన్నీ చూసినవాళ్ల జ్ఞాపకాలతోనే పోయాయి.

తర్వాతి తరం ఆ విషయంలో అదృష్టవంతులు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందం తన కథ తనే చెప్పుకున్నాడు. ‘నేను మీ బ్రహ్మానందమ్’ పేరుతో 2023లో పుస్తకమూ తెచ్చాడు. ఎమ్మెస్ నారాయణ కూడా తెలుగు లెక్చరరే. దూరదర్శన్‌లో ‘ఆనందో బ్రహ్మ’తో ఇంటింటికీ చేరిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం ప్రభుత్వోద్యోగి. బడి, ఆఫీసు, వీధి... మన హాస్యనటులు చాలామంది మనలాంటి బతుకుల్లోంచే వచ్చారు. తీరిగ్గా మాట్లాడినప్పుడే ఆ సంగతులు బయటపడతాయి. అరనిమిషం స్కిట్‌లో వాటికి చోటెక్కడిది?

అమెరికాలోనూ ఇదే దారి

ఈ రుచి మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. అమెరికన్ హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ 2012లో ఓ కార్యక్రమం మొదలుపెట్టాడు. పాతకాలం కారొకటి తీసుకుని తోటి హాస్యనటుడి ఇంటికి వెళ్లడం, ఇద్దరూ కలిసి కాఫీ తాగడానికి బయల్దేరడం. అంతే! దారి పొడవునా కబుర్లు. కథ లేదు, పోటీ లేదు. అయినా ఏళ్ల తరబడి చూశారు జనం.

అంతకుముందే 2009లో మార్క్ మారన్ అనే మరో హాస్యనటుడు తోటివాళ్లతో మాట్లాడటం మొదలెట్టి, ఆనక తన ఇంటి గ్యారేజీలో మైకు పెట్టుకున్నాడు. 2015లో, పదవిలో ఉండగానే, అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆ గ్యారేజీకి వచ్చి కూర్చున్నాడు. 2025లో మారన్ ఆ కార్యక్రమం ముగించేదాకా పదహారేళ్లు ఆ కబుర్లు సాగాయి. 2010లో అతనితో మాట్లాడిన రాబిన్ విలియమ్స్ తన తాగుడు వ్యసనం గురించి, మనసులోని దిగులు గురించి దాపరికం లేకుండా చెప్పాడు. లోకాన్ని అంతగా నవ్వించిన ఆ మనిషి 2014లో ప్రాణం తీసుకున్నాడు. నాలుగేళ్ల కిందటి ఆ మాటల్ని అభిమానులు మళ్లీ వెతుక్కుని విన్నారు. ఎదుట ఉన్నది హాస్యనటుడు కనక ‘ఒక జోకు చెప్పండి’ అని ఎవరూ అడగలేదు. అందుకే ఆయన అసలు మాట చెప్పగలిగాడు.

నవ్వించేవాడికి లోకంలో పెద్ద కష్టం ఒకటుంది. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా అతను నవ్వించాలనే ఎదురుచూస్తారు. అలా ఎదురుచూడని చోటు ఒక్కటే... మరో హాస్యనటుడి పక్కన. అక్కడ అతను వేషం విప్పి కూర్చోవచ్చు. ఓడిపోయిన రోజుల గురించి ఏడుపు లేకుండా చెప్పుకోవచ్చు. అది చూస్తున్న మనకూ ఓ ధైర్యం. మన ఇంట్లోనూ సంపాదన లేని నెలలు, పరువు పోయిన సందర్భాలు ఉంటాయి. వాటి గురించి నవ్వుతూ చెప్పుకోవచ్చని ఎవరో చేసి చూపించినట్టు ఉంటుంది.

మన ఇంట్లోనే మొదలుపెడదాం

నెల్లూరులో చేపల పులుసు వండినరోజు కన్నా మర్నాడే రుచి అంటారు. మామిడికాయ పులుపు ముక్కకు పట్టడానికి ఆ రాత్రి కావాలి. మాటలూ అంతే. మొదటి పావుగంటలో వచ్చేవి అందరికీ తెలిసిన సంగతులే. ఆ తర్వాత వచ్చేవే అసలైనవి.

ఇప్పుడు ప్రతి జేబులోనూ ఓ కెమెరా ఉంది. నాటకాల్లో హాస్యపాత్రలు వేసినవాళ్లు, బొమ్మలాడించిన కళాకారులు, హరికథల్లో పిట్టకథలతో నవ్వించినవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. చాలామంది వయసు మళ్లినవాళ్లు. వాళ్లలో ఇద్దరిని ఓ సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఫోను ఓ పక్కన పెట్టి మాట్లాడుకోనివ్వాలి. మధ్యలో దూరకుండా వింటే చాలు. రమణారెడ్డి, రేలంగిల విషయంలో తొమ్మిది నెలలు, మూడు నెలలు లెక్కలు చూసుకుని మనం నొచ్చుకుంటున్నాం. వీళ్ల విషయంలో ఆ సాకు కూడా మనకు ఉండదు.