తాతల పేర్లకూ సాక్ష్యం అడగాలి

హంపీ విరూపాక్షుడి గుడిలో శ్రీకృష్ణదేవరాయలు పట్టాభిషేక సందర్భంగా వేయించిన శాసనం ఉంది. శకం 1430 నాటిది, అంటే క్రీ.శ. 1509-10. అందులో రాయల వంశం చంద్రుడితో మొదలవుతుంది. చంద్రుడి కొడుకు బుధుడు, ఆయన కొడుకు పురూరవుడు, తర్వాత ఆయువు, నహుషుడు, యయాతి, తుర్వసుడు. తుర్వసుడి దగ్గర శాసనం ఒక్క అంగ వేసి యుగాలు దాటుతుంది. ఆ వంశంలోనే తిమ్మరాజు పుట్టాడంటుంది. అక్కణ్ణుంచి నడక మారిపోతుంది. తిమ్మరాజు భార్య దేవకి, కొడుకు ఈశ్వరుడు. ఈశ్వరుడి భార్య బుక్కమ్మ, కొడుకు నరసరాజు. నరసరాజు భార్యలు తిప్పాజి, నాగల. వారి కొడుకులు వీరనరసింహుడు, కృష్ణరాయలు. మొదటి సగం పురాణంలోంచి తెచ్చింది. రెండో సగం నాటి జనానికి తెలిసింది. నరసరాజు, అంటే నరస నాయకుడి పేరు ఇతర శాసనాల్లో కనిపిస్తుంది, పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాతల్లోనూ కనిపిస్తుంది. చంద్రుడికి అలాంటి సాక్షి లేడు. సంగమ, సాళువ, తుళువ, అరవీటి వంశాలు నాలుగూ తమ మూలాన్ని చంద్రుడి దాకా తీసుకుపోయాయంటే, అది పుట్టుక లెక్క కాదు, సింహాసనానికి కావలసిన మర్యాద.

బళ్లారి సీమలో చాలా ఇళ్లలో పెట్టె అడుగున, పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఉండే వంశవృక్షాల అల్లిక కూడా ఇలాంటిదే. కింది మూడు నాలుగు తరాలు తెలిసినవాళ్లు చెప్పినవి. పైన ఒక మహాపురుషుడు, ఒక రాజాస్థానం, ఒక ఋషి. నడుమ ఎవరూ దాటి చూడని ఖాళీ. వారసత్వంగా చేతికొచ్చిన అలాంటి కాగితాన్ని మొత్తం నమ్మడం ఎంత తప్పో, మొత్తం కొట్టిపారేయడమూ అంతే తప్పు. వంశవృక్షం ఒక్క నిజం కాదు, వరసగా పేర్చిన చాలా వాదనల కూర్పు. ఫలానావాడు ఫలానావాడి కొడుకు అన్న ప్రతి ముడికీ విడిగా సాక్ష్యం అడగాలి. సాక్ష్యం ఉన్నంతవరకే ఆ వృక్షం మనది.

మొదట అడగవలసిన ప్రశ్న, ఈ వృక్షం ఎందుకోసం తయారైంది? 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువారికి దత్తం చేశాక, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చేనాటికి ఇక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్లున్నారు. ఎవరి హక్కు ఎంత పాతది, ఎవరికి భరణం ఇవ్వాలి అన్న విచారణ వచ్చింది. అలాంటప్పుడు వంశం ఎంత పొడవుంటే హక్కు అంత గట్టిదనిపిస్తుంది. అదే కాలంలో సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియతులు, అంటే ఊళ్ల చరిత్రలు రాయించారు. కరణాల కవిలెల నుంచి, పెద్దల నోటి నుంచి వచ్చిన ఆ కైఫియతులు అమూల్యమైనవి, కానీ చెప్పినవారి కోరికలు కూడా వాటిలో కలిసే ఉంటాయి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. దాని రిజిస్టర్లలో మొదట ఇనాం పొందినవాడెవడు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడికి అతను ఏమవుతాడు అన్న వివరాలు ఎక్కాయి. భూమి నిలుపుకోవాలన్న ఆరాటంలో చెప్పిన చుట్టరికాలవి. దీన్నిబట్టి అందరూ అబద్ధం చెప్పారనుకోకూడదు. లాభం ఉన్నచోట చెప్పిన మాటకు, లాభం లేనిచోట అనుకోకుండా దొరికిన సాక్ష్యాన్ని తోడు వెతకాలి.

మన న్యాయస్థానాలు చాలాకాలంగా పాటిస్తున్న సూత్రం కూడా ఇదే. చనిపోయిన పెద్దలు చుట్టరికం గురించి చెప్పిన మాటను చట్టం సాక్ష్యంగా ఒప్పుకుంటుంది, కానీ ఆ మాట తగాదా పుట్టకముందు చెప్పినదై ఉండాలి, చెప్పినవారికి ఆ సంగతి తెలిసే అవకాశం ఉండాలి. బీహారులోని బెతియా సంస్థానం ఆస్తికి వారసులమంటూ వేసిన దావాలో, 1983లో సుప్రీంకోర్టు వంశావళులను తూచే పద్ధతి వివరంగా చెప్పింది. వంశావళికి మూలం ఏమిటి, అది నమ్మదగినదా, ఎంత పాతది, ఇదివరకటి వ్యాజ్యాల్లో దాన్ని ఒప్పుకున్నారా, తోసిపుచ్చారా అని చూడమంది. కోట్ల ఆస్తి విషయంలో కోర్టు అడిగే ఈ ప్రశ్నలు మన ఇంటి కాగితాన్ని కూడా అడగవచ్చు.

కొన్ని లోపాలు లెక్క వేస్తేనే బయటపడతాయి. తరానికి పాతిక ముప్పయ్యేళ్లు అనుకుంటే, రాయల పట్టాభిషేకం నుంచి నేటికి పదిహేడు నుంచి ఇరవై తరాలు కావాలి. రాయల దండనాయకుడు మా తాతకు తాత అని రాసి ఉంటే ఆ వృక్షం అక్కడే విరిగింది. రెండో చిక్కు పేర్లది. తాత పేరు మనవడికి పెట్టడం ఇక్కడ ఆచారం కాబట్టి ఒకే ఇంట్లో నలుగురు పంపాపతులు, ముగ్గురు హొన్నూరప్పలు ఉంటారు. కాగితం నకలు చేసినవారు ఇద్దరిని ఒకరిగా కలిపేసి ఒక తరాన్నే మాయం చేస్తారు. మూడోది సంవత్సరాల పేర్లు. ధాత కరువు నాటికి పసివాడు అని పెద్దలు చెప్పారంటే అది 1876-77 నాటి మహాక్షామం. కానీ ధాత మళ్లీ 1936లోనూ వచ్చింది. కరువు మాట లేకుండా ఉత్త ధాత సంవత్సరం అని ఉంటే అరవయ్యేళ్ల తేడా పడిపోగలదు. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ ఉంటుంది. దానికి 590 కలపాలి. ఫసలీ 1330 అంటే 1920 జూలైలో మొదలైన సంవత్సరం. పాత స్కూలు రిజిస్టర్లలోని పుట్టిన తేదీలు చాలావరకు చేర్చుకునే రోజున అయ్యవారు వేసిన అంచనాలు.

బళ్లారి సరిహద్దు జిల్లా కావడం వల్ల మరో చిక్కుంది, దానితోపాటు ఒక మేలూ ఉంది. 1953 అక్టోబరు 1న, అప్పటిదాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఈ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, మిగిలిన జిల్లా మైసూరులో కలిసింది. అన్నదమ్ముల్లో ఒకరి పొలం మైసూరు వైపు భూమి రికార్డైన పహణీలోకీ మరొకరిది ఆంధ్ర వైపు అడంగల్‌లోకీ వెళ్లింది. ఒకచోట ఇంటిపేరు ముందుంటే మరోచోట తండ్రి పేరు వెనక చేరింది. ఈరన్న వీరన్న అయ్యాడు. ఆ రోజుల్లోనే తుంగభద్ర జలాశయంలో ఊళ్లు మునిగి, జనం కొత్త చోట్లకు తరలారు. అందుకే ఒక్క ఆఫీసులో పేరు దొరకలేదని ముడి తెంపకూడదు. బళ్లారి, అనంతపురం, కర్నూలు కచేరీలతో పాటు చెన్నై ఎగ్మూరులోని పురాభిలేఖాలయంలోనూ ఈ సీమ పాత కాగితాలు వెతకాలి. రెండు రాష్ట్రాల రికార్డులు, ఒకదాన్ని చూసి మరొకటి రాయనివి, ఒకే చుట్టరికం చెబితే అంతకంటే గట్టి రుజువు లేదు. ఒకే కాగితానికి పది నకళ్లు దొరికితే మాత్రం సాక్షి ఒక్కడే. ఇంటర్నెట్‌లో ఒకరి వృక్షం చూసి మరొకరు ఎక్కించుకున్నవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

పెద్దల మాటను శంకించడం అపచారం కాదా అంటారు కొందరు. పెద్దలు చెప్పినదాన్ని వారు చెప్పినట్టే రాసి, ఎవరు చెప్పారో పక్కన వేయడమే వారికి గౌరవం. వారు చెప్పని రాజును వారి పేరుమీద తగిలించడమే అపచారం. మరో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. భూమి లేని కూలీల పేర్లు, దళితుల పేర్లు, ఆడవాళ్ల పేర్లు సర్కారు కాగితాల్లో ఎన్నని దొరుకుతాయి? కాగితమే ప్రమాణమంటే వారి వంశాలు ఉత్తవైపోవా? నిజమే. అందుకే కాగితం ఒక్కటే ప్రమాణం కాదు. ఆంధ్ర వైపు వంశరాజులుగా పిలిచే పిచ్చిగుంట్లవారు, కన్నడ సీమలో హెళవలు తరతరాలుగా ఇళ్లకు వచ్చి వంశాలు చెబుతారు. వారి జ్ఞాపకం విలువైనది. దాన్ని కూడా అవే ప్రశ్నలతో, అదే మర్యాదతో పరీక్షించాలి. దగ్గరి తరాల్లో వారు చెప్పేది పెళ్లి సంబంధాలతో, ఊళ్లతో సరిపోతే నమ్మవచ్చు; పైన దాతను మెచ్చి చెప్పిన భాగాన్ని వేరుగా ఉంచాలి. ఇక కర్ణాటకలో నాడకచేరి అనే రెవెన్యూ కార్యాలయంలో ఇచ్చే వంశవృక్ష పత్రం సంగతి. దరఖాస్తుదారు ప్రమాణపత్రం, గ్రామ పాలనాధికారి విచారణ దానికి ఆధారాలు. చనిపోయినవారి భూమిని వారసుల పేరుకు మార్చే పౌతి ఖాతా మార్పుకు అది పనికొస్తుంది, కానీ అందులో పేరు లేని ఆడబిడ్డ ఆ ఇంట పుట్టలేదని కాదు.

ఇంట్లో వంశవృక్షం ఉన్న ప్రతివారూ దానికి ఒక శుభ్రమైన ప్రతి రాయండి. ప్రతి పేరు పక్కనా ఎలా తెలిసిందో, ఎవరు చెప్పారో, ఏ దస్తావేజులో ఉందో రాయండి. తెలియని చోట తెలియదని రాసి ఖాళీ వదలండి. కోడళ్ల పేర్లు, కూతుళ్ల పేర్లు, వాళ్ల పుట్టినూళ్లు చేర్చండి. రాయల శాసనమే దేవకినీ, బుక్కమ్మనూ మరవలేదు. పాత కాగితాన్ని మాత్రం దిద్దకండి, పారేయకండి, అదీ ఒక సాక్ష్యమే. ఎనభై దాటిన పెద్దలు ఇంట్లో ఉంటే ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. రుజువున్న ఐదు తరాల వంశం, రుజువులేని యాభై తరాల వంశం కంటే గొప్పది.