కంప్యూటర్ ఊదే బూర: కొన్ని విశేషాలు

నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో పెళ్లి బరాత్ వెళ్తుంటే బ్యాండ్ మేళం ట్రంపెట్లకు వీధి వీధంతా అదిరిపోతుంది. ఆ మోతకు అసలు మూలం గొట్టం లోపలి గాలి. ఊదేవాడి పెదాలు అదురుతూ ఆ గాలిని ఊపుతాయి, ఇత్తడి గోడలా దాన్ని పట్టి ఉంచుతుంది. కాబట్టి గాలి కదలికకు లెక్క కట్టగలిగితే ఇత్తడి లేకుండానే ట్రంపెట్ మోగించవచ్చు. దీనికి ఫిజికల్ మోడలింగ్ అని పేరు. కీబోర్డులో ‘బ్రాస్’ బటన్ నొక్కితే సాధారణంగా ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్న శబ్దం వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం వాయిద్యాన్నే అంకెలతో కడతారు.

ఎన్ని అంకెలు కావాలి? ట్రంపెట్ చుట్టలన్నీ విప్పితే మీటరున్నరకు కాస్త తక్కువ పొడవు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. సీడీ నాణ్యత కావాలంటే కంప్యూటర్ సెకనుకు 44,100 సార్లు లెక్క కట్టాలి. లెక్కించి చూడండి: మౌత్‌పీస్ దగ్గర బయలుదేరిన అల గరాటు చేరేలోపు దాదాపు 190 లెక్కలు పడతాయి. అంటే కంప్యూటర్‌కు ట్రంపెట్ గొట్టమంటే 190 గళ్ల వరుస. ప్రతి లెక్కకూ అందులోని అంకెలు ఒక్కో గడి ముందుకు జరుగుతాయి. గరాటు దగ్గర కొంత బయటికి పోతుంది, మిగిలింది ఇంకో వరుసలో వెనక్కి నడుస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో జూలియస్ స్మిత్ 1980లలో అభివృద్ధి చేసిన ఈ పద్ధతిని డిజిటల్ వేవ్‌గైడ్ అంటారు.

ఈ లెక్కల పూర్వీకుల్లో మనకు తెలిసినాయన ఒకరున్నారు. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి.రామన్. 1918లో ఆయన వయొలిన్ తీగ కదలికను, దాని మీద అటూ ఇటూ పరుగెత్తే అలల సాయంతో విశ్లేషించారు. 1983లో మెకింటైర్, షూమాకర్, వుడ్‌హౌస్ కలిసి రాసిన ప్రసిద్ధ పత్రం వయొలిన్‌కూ క్లారినెట్‌కూ వేణువుకూ ఒకే లెక్క చట్రం చూపించింది. అదీ రామన్ దారిలోదే. నోబెల్ వచ్చిన కాంతి పని గురించి పిల్లలకు చెప్తాం గానీ, ఈ సంగీతం పని ఎందుకో పాఠాల్లోకి రాదు.

పెదాల సంగతి ఇంకా తమాషా. ప్రోగ్రాంలో పెదాలంటే ఒక బరువు, ఒక స్ప్రింగు. స్ప్రింగు బిగువు గొట్టం ఒప్పుకునే స్వరానికి దగ్గరగా లేకపోతే కంప్యూటర్ బుస్సుమంటుంది, లేదా పక్క స్వరంలోకి దూకేస్తుంది. మేళంలో కొత్తగా చేరిన కుర్రాడి పాట్లన్నీ కంప్యూటరూ పడాల్సిందే. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో స్టెఫాన్ బిల్బావో బృందం చేసిన మోడల్‌లో వాల్వులను సగమే నొక్కి వింత స్వరాలు తీయవచ్చు.

గరాటు కోసేస్తే? నిజం ట్రంపెట్‌తో ఎవరూ ఆ సాహసం చేయరు, కంప్యూటర్‌లో నిమిషం పని. ఒక కొన మూసిన వట్టి గొట్టం 1, 3, 5 నిష్పత్తిలో స్వరాలిస్తుంది. వాటిని 2, 3, 4, 5 వరుసకు లాక్కొచ్చేది గరాటూ మౌత్‌పీసూ కలిసి. గరాటు అందానికే అనుకుంటాం గానీ, శ్రుతి చాలావరకు దాని చేతిలోనే ఉంది.

1960లలో బెల్ ల్యాబ్స్‌లో జాన్ క్లాడ్ రిస్సే ట్రంపెట్ ధ్వనిని కంప్యూటర్‌తో విశ్లేషించి ఒక గుట్టు పట్టారు. గట్టిగా ఊదినకొద్దీ శబ్దం పెరగడమే కాదు, పదునూ పెరుగుతుంది. కారణం ఏమిటి? పోచంపాడ్ దగ్గర కాకతీయ కాలువకు ఒక్కసారిగా ఎక్కువ నీళ్లు వదిలారనుకోండి. లోతైన నీటి అల వేగంగా పోతుంది కాబట్టి వెనకది ముందుదాన్ని తరుముకొచ్చి, అల ముఖం నిటారుగా లేస్తుంది. గొట్టంలో గాలికీ ఇదే జరుగుతుంది. ఒత్తిడి ఎక్కువున్న భాగం తక్కువున్న భాగాన్ని అందుకుని అల కోసుగా తయారవుతుంది. గట్టిగా ఊదిన ట్రాంబోన్‌లో అది షాక్ వేవ్ దాకా పోతుందని హిర్ష్‌బర్గ్ బృందం 1996లో చూపించింది. నిలువునా ఒకే వెడల్పున్న పొడవాటి గొట్టం ఉంటేనే ఇది బాగా సాగుతుంది. అందుకే ట్రాంబోన్ గర్జిస్తుంది, మొదటి నుంచీ వెడల్పవుతూ పోయే యూఫోనియం ఎంత ఊదినా గుండ్రంగానే పలుకుతుంది. ఈ లెక్క వదిలేసిన ప్రోగ్రాములు చప్పగా వినిపిస్తాయి, ఎన్ని హంగులు చేర్చినా సరే.

మే నెల ఎండ 44 డిగ్రీలు దాటితే గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీలప్పటి కన్నా 4 శాతం ఎక్కువ. ఊపిరి వేడి వల్ల గొట్టం లోపల అంత తేడా రాదు గానీ, శ్రుతి మాత్రం పైకి జరుగుతుంది. మేళం బండి మీది కీబోర్డు శ్రుతి జరగదు. ఎండాకాలం బరాత్‌లో రెండూ కలవకపోతే ఊదేవాళ్లను తిట్టకండి. మోడల్‌లో అయితే ఒక్క అంకె మారిస్తే చాలు.

బజారులోకి వచ్చిన తొలి వేవ్‌గైడ్ కీబోర్డు యమహా వీఎల్1, 1994లో. ఒకేసారి రెండు స్వరాలే పలికేది. నోట్లో గొట్టం పెట్టుకుని ఊపిరితో నడిపించే ఏర్పాటూ ఉంది.

ఇప్పుడు అలాంటి ప్రత్యేక కీబోర్డు కొనక్కర్లేదు. పెరీ కుక్, గ్యారీ స్కవోన్ తయారుచేసిన సింథసిస్ టూల్‌కిట్ ఉచితంగా దొరుకుతుంది, అందులో బ్రాస్ మోడల్ సిద్ధంగా ఉంది. ట్రంపెట్ శబ్దం ఏ కీబోర్డులోనైనా దొరుకుతుంది. గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళ్తే గోండుల దండారి నృత్యంలో ఊదే కాలికోం అనే బూర మాత్రం మామూలు కీబోర్డు బటన్లలో కనబడదు. దాన్ని మోడల్‌గా కట్టడానికి మొదట కావాల్సింది గొట్టం లోపలి వెడల్పు కొలతలు, కొన నుంచి కొన దాకా. బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలూ, మీరు ఆ దారిలోనే ఉన్నారు. ఈసారి దీపావళి సెలవుల్లో దండారి చూడబోతే, ఊదే పెద్దలను అడిగి, వాళ్లు సరేనంటే కొలతలు తీసుకురండి.