పొలిమేర దాటిన మొదటి దినములు



చదువు ముగిసిన పిమ్మట సేవార్థమై పరదేశమునకు పోవలెనను కోరిక మీలో కొందరికి కలదని మేమెరుగుదుము. ఆ కోరిక మంచిదే. అయితే అట్లు పోవువారికి మిక్కిలి కష్టమైనవి అచ్చట చేరిన మొదటి దినములని పెద్దల యనుభవము. బోధింపవలెనని వచ్చినవాడు నీళ్లడుగుటకైనను మాట దొరకక కూర్చుండును. ఆ దినములను అతడు ఎట్లు గడపునో దానినిబట్టియే తరువాతి పని యంతయు నిలుచును. దీనిని విశదపరచుటకు మన ఖమ్మము ప్రాంతమునకు పొరుగుననున్న డోర్నకల్లు చరిత్రమే చాలును.

ఆ చరిత్రమునకు మొదలు విద్యార్థులే. 1900 సంవత్సరమున లంకాద్వీపమందలి జాఫ్నా పట్టణపు విద్యార్థులు ఒక పరదేశ సేవాసంఘమును స్థాపించి, సముద్రమున కీవలనున్న తమిళదేశపు తొండి రేవునకు పనివానిని పంపిరి. 1902లో తిన్నెవెల్లివాడైన వేదనాయకము సామ్యూలు అజరయ్యగారు జాఫ్నాకు పోయి ఈ పనినిగూర్చి తెలిసికొనిరి. చిన్నదగు ఆ ద్వీపమునుండి విద్యార్థులే మన దేశమునకు సేవకుని పంపగా, తిన్నెవెల్లిలో వేలకొలది క్రైస్తవులుండియు ఊరకుండుట ఆయన మనస్సునకు బాధ కలిగించెను. 1903 ఫిబ్రవరిలో తిన్నెవెల్లి ఇండియను మిషనెరీ సొసైటీ ఏర్పడెను. పోవువారు, పైకము, పాలన, ఈ మూడును ఈ దేశపువారివే కావలెనని దాని నియమము. ఆ సంఘమువారు 1904లో సామ్యూలు పాక్యనాథన్‌గారిని నిజాము రాజ్యమందలి తెలుగు సీమకు పంపిరి.

మన సీమ వారికి పరదేశమెట్లగునని మీరడుగవచ్చును. ఆ కాలమున నిజాము రాజ్యమునకు వేరు నాణెముండెను. తపాలా బిళ్లలు వేరు. కచేరీలలో ఉర్దూ నడచుచుండెను. మద్రాసు రాజధానిలో చెల్లు కల్దారు రూపాయకును ఇచ్చటి హాలీ సిక్కా రూపాయకును విలువ సమానము గాదు. ఈ భేదము మన పెద్దలకు బాగుగ తెలిసినదే. పెనుబల్లి నిజాము రాజ్యములోనుండగా, పొరుగుననున్న తిరువూరును, అడవికావలి భద్రాచలమును మద్రాసు రాజధానిలోనివై యుండెను. పొలిమేర దాటిన సంతకాడు మొదట నాణెము మార్చుకొనవలసినదే.

నాణెము ఒక గడియలో మార్చుకొనవచ్చును. మాట యట్లు మారునది కాదు. తమిళము తెలుగునకు సోదరభాషయే. అంకెలలో పోలిక కలదు. అయితే ఆ పోలికయే మోసపుచ్చును. తమిళునకు ‘వీడు’ అనగా ఇల్లు. మనకు ‘వీడు’ అనగా ఈ మనుష్యుడు. మన ‘ఇల్లు’ అతని చెవికి ‘లేదు’ అనునట్లు వినబడును. ‘అవసరము’ అను మాటను చూడుడు. మనకది కావలసినదని యర్థము. తమిళునకు తొందరయని యర్థము. “బియ్యము అవసరమయ్యా” అని ఒక తల్లి చెప్పినయెడల, ఈమె యేల యింత తొందరపడుచున్నదని క్రొత్తగా వచ్చిన తమిళుడు తలంపవచ్చును. ఒక్క మాటకు అర్థము తప్పుటచేత ఆమె లేమి యతని కండ్లకు తొందరపాటుగా కనబడును. కాబట్టి నాలుక నేర్చుటకు ముందు చెవి నేర్వవలెను.

ఈ నేర్చుకొనుటకు కాలము పట్టును. 1904లో పని మొదలుకాగా మొదటి బాప్తిస్మములు 1906లో జరిగెను. 1909లో అజరయ్యగారు గురుపట్టము పొంది, తామే డోర్నకల్లునకు వచ్చిరి. అప్పటికాయన వయస్సు ముప్పదియైదేండ్లు. పట్టణములలో ఆంగ్లమున గొప్ప ఉపన్యాసములిచ్చుటకు అలవాటుపడిన ఆయన గుడారములో కాపురముండి, ఓనమాలు మొదలుకొని తెలుగు నేర్చుకొనిరి. మరుసటి యేడు, 1910లో, ఎడింబరో మహాసభలో ఆయన మాటలాడుచు, పాశ్చాత్య సేవకులు తమ ఆస్తిని ప్రాణమును సహితమిచ్చిరని ఒప్పుకొని, ఇంకను కావలసినది స్నేహమని చెప్పిరి. ఆ సభలో కొందరికి ఆ మాట రుచింపలేదు. 1912 డిసెంబరు 29న ఆయన కలకత్తాలో డోర్నకల్లు బిషపుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవినొందిన మొదటి భారతీయుడాయనయే. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్లు దేవాలయమున మన దేశపు స్తంభములును గుమ్మటములును కలిసి యున్నవి. ఈ దేశమునుండి నేర్చుకొనినవారి కట్టడమది.

తెలుగువారును ఇట్లు పోయిరి. 1903లోనే తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పంపిరి. కేర్స్నీ తేయాకు తోటలలో తెలుగు కూలీలుండిరి గనుక భాషనుగూర్చి ఆయనకు చింత లేదు. అచ్చట తెలిసికొనవలసినది చట్టము. కూలి యైదేండ్లకు ఒడంబడిక వ్రాసి వచ్చును. మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము. యజమాని చీటిలేక తోట విడిచి పోరాదు. 1895 నాటి చట్టముచేత, గడువు తీరినను అచ్చటనే నిలిచినవారిపై ఏటేట మూడు పౌనుల పన్ను పడెను. 1914లో గాని యది రద్దు కాలేదు. వినువాని మెడమీద ఏ బరువున్నదో యెరుగక చేయు బోధ యతని హృదయమును చేరదు. 1903 డిసెంబరు 27న కేర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను.

విద్యార్థులారా, పరదేశమునకు ఓడయెక్కియే పోనక్కరలేదు. మన యూరినుండి అడవిలోనికి కొన్ని క్రోసులు నడచి కోయగూడెము చేరినయెడల, ఇంటిలో తల్లి బిడ్డతో మాటలాడు భాష మీకు తెలియదు. కోయభాష గోండీకి దగ్గర చుట్టము. దానికి తనదైన వ్యాకరణము కలదు. తెలుగు రాని కోయబిడ్డను మందమతి యని తలంచువాడు, కోయభాష రాని తన్ను ఆ బిడ్డ యేమని తలంచునో యోచింపవలెను.

కాబట్టి మీరెచ్చటికి పోయినను, మొదటి వారములో ఉపన్యాసమియ్యకుడు. ఇంటివారి పేర్లడిగి తెలిసికొనుడు. జొన్నగటక పెట్టిన జొన్నగటకయే తినుడు. దినమునకు పది మాటలు నేర్చి, తప్పు పలికినప్పుడు పిల్లలు నవ్విన మీరును నవ్వుడు. అచ్చటి లోపములనుగూర్చి మొదటి వారమున ఇంటికి జాబు వ్రాయకుడు. నెలదినములైన పిమ్మట వాటిలో సగము మీకే లోపములుగా తోచవు. మిగిలినవానిని ఆ యూరివారే మీతో చెప్పుదురు. అప్పుడు వారితో కలిసి చేయదగిన పని యేదో మీకు తెలియును.