అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సు – భారతీయ పట్టభద్రుల అర్హతనిర్ణయం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక దేశంలో ఫార్మసీ చదివి, అక్కడ వృత్తినమోదు పొందిన వ్యక్తి మరొక దేశంలో అదే వృత్తిని చేపట్టాలంటే తన అర్హతను మళ్ళీ నిరూపించుకోవలసి ఉంటుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ నిరూపణ ఏయే దశలలో జరుగుతుందో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుంచి వెళ్ళిన పట్టభద్రులకు ఏ దశ ఏ విధంగా అవరోధమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. పరీక్షల కాఠిన్యం కంటే పట్టా కాలపరిమితి, వృత్తిస్వభావంలోని భేదం ప్రధాన నిర్ణాయకాలని నిరూపించడం వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: ఫార్మసీ విద్య, వృత్తినమోదు, ఎఫ్.పి.జి.ఇ.సి., ఫార్మ్.డి., వలస, ఔషధచట్టాలు.

1. ఉపోద్ఘాతం:

ఔషధం శరీరంలో పనిచేసే తీరు దేశసరిహద్దులను బట్టి మారదు. దానిని రోగి చేతికి అందించే అధికారం మాత్రం సరిహద్దు దాటగానే చెల్లకుండా పోతుంది. ఆ అధికారాన్ని ఇచ్చేది చట్టం కావడమే ఇందుకు కారణం. భారతదేశంలో 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ వద్ద నమోదైనవారే ఫార్మసిస్టులు. అమెరికాలో లైసెన్సునిచ్చే అధికారం ప్రతి రాష్ట్రంలోనూ ఉండే ఫార్మసీ బోర్డుది. ఈ బోర్డులన్నింటికీ ఉమ్మడి వేదికగా 1904లో ఏర్పడిన సంస్థ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బోర్డ్స్ ఆఫ్ ఫార్మసీ. విదేశీ పట్టాల పరిశీలన, లైసెన్సు పరీక్షల నిర్వహణ ఈ సంస్థ చేతిలో ఉన్నాయి.

అందువల్ల విదేశీ పట్టభద్రుడు రెండు అంచెలు దాటవలసి ఉంటుంది. మొదటిది తన చదువు అమెరికా చదువుకు సమానమని జాతీయసంస్థ నుంచి ధ్రువీకరణ పొందడం. దీనినే ఎఫ్.పి.జి.ఇ.సి. ధ్రువపత్రం అంటారు. రెండవది ఆ ధ్రువపత్రంతో ఏదో ఒక రాష్ట్రబోర్డును ఆశ్రయించి, శిక్షణ పూర్తిచేసి, లైసెన్సు పరీక్షలలో ఉత్తీర్ణత సాధించడం. ధ్రువపత్రం ఒక్కటే వృత్తి చేయడానికి అనుమతి కాదన్న విషయం చాలామంది అభ్యర్థులకు ఆలస్యంగా తెలుస్తుంది.

2. పట్టా కాలపరిమితి – 2003 నిబంధన:

ధ్రువీకరణకు దరఖాస్తు చేసేవారికి ఎదురయ్యే తొలి ప్రశ్న ఎన్ని సంవత్సరాలు చదివారన్నది. 2003 జనవరి 1కి ముందు పట్టా పొందినవారికి నాలుగేళ్ళ ఫార్మసీ పాఠ్యక్రమం సరిపోతుంది. ఆ తేదీన గానీ, ఆ తరువాత గానీ పట్టా పొందినవారికి కనీసం ఐదేళ్ళ పాఠ్యక్రమం ఉండాలి. అమెరికాలో ఐదేళ్ళ బ్యాచిలర్ పట్టా స్థానంలో ఫార్మ్.డి. ఏకైక ప్రవేశార్హతగా స్థిరపడుతున్న కాలమది. స్వదేశంలో చదువు నిడివి పెరిగినప్పుడు విదేశీయుల నుంచి కూడా అంతకు తగిన నిడివిని కోరడం నియంత్రణసంస్థల దృష్టిలో సహజమే.

ఈ నిబంధన ప్రభావం భారతీయ బి.ఫార్మసీ పట్టభద్రులపై తీవ్రంగా పడింది. బి.ఫార్మసీ నాలుగేళ్ళ కోర్సు. ఒకే కళాశాలలో, ఒకే పాఠ్యప్రణాళికతో, ఒకే అధ్యాపకుల వద్ద చదివిన ఇద్దరిలో 2002లో పట్టా అందుకున్నవారు అర్హులయ్యారు, 2003లో అందుకున్నవారు అనర్హులయ్యారు. బి.ఫార్మసీ తరువాత ఎం.ఫార్మసీ చదివితే మొత్తం ఆరేళ్ళవుతుంది కదా అన్న వాదన ఇక్కడ నిలవదు. లెక్కలోకి వచ్చేది వృత్తిప్రవేశానికి ఆధారమైన తొలి పట్టా మాత్రమే. ఔషధరసాయనశాస్త్రంలో పిహెచ్.డి. చేసినా తొలిపట్టాలోని ఒక సంవత్సరం లోటు తీరదు.

భారతదేశంలో ఫార్మ్.డి. కోర్సుకు సంబంధించిన నిబంధనలు 2008లో వచ్చాయి. ఇంటర్మీడియట్ తరువాత ఐదేళ్ళ చదువు, ఒక సంవత్సరం ఆసుపత్రి శిక్షణ కలిపి ఇది ఆరేళ్ళ కోర్సు. 2008లో చేరిన విద్యార్థులు 2014లో బయటికి వచ్చారు. అంటే 2003కూ 2014కూ మధ్య ఫార్మసీ చదివిన తరంలో అత్యధికులకు అమెరికా నిబంధనకు సరిపోయే తొలిపట్టా స్వదేశంలో అందుబాటులో లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఫార్మసీ కళాశాలలు విస్తృతంగా వెలసిన కాలం కూడా ఇదే కావడం గమనార్హం. నేటికీ బి.ఫార్మసీలో చేరే విద్యార్థులకు ఈ పరిమితి వర్తిస్తుంది.

3. పత్రాలు – పేర్లు:

నిడివి సరిపోయినా పత్రాల పరిశీలన మిగిలి ఉంటుంది. విశ్వవిద్యాలయం నుంచి మార్కుల వివరాలు, పట్టా ధ్రువీకరణ, విదేశీ పట్టాలను మదింపు చేసే సంస్థ నివేదిక, చదివిన దేశంలో ఫార్మసిస్టుగా నమోదైనట్లు ఆధారం సమర్పించాలి. వీటిలో చివరిది తెలుగు విద్యార్థులకు ఊహించని చిక్కు. పట్టా చేతికి రాగానే ఎం.ఎస్. కోసం విమానమెక్కిన విద్యార్థి రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదు చేసుకోవలసిన అవసరాన్ని గుర్తించకపోవచ్చు. స్వదేశంలో వృత్తి చేసే హక్కే లేనివారికి పరదేశంలో ఆ హక్కు ఎలా కల్పించాలన్నది నియంత్రణసంస్థ తర్కం.

మరొక చిక్కు పేరులో ఉంది. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది. పదవతరగతి ధ్రువపత్రంలో అది తరచుగా పొడి అక్షరంగానే కనిపిస్తుంది. పాస్‌పోర్టులో అదే పూర్తిరూపంలో, వేరే గడిలో, పేరు తరువాత వస్తుంది. వివాహానంతరం కొందరు స్త్రీల పేర్లు మరొకసారి మారుతాయి. పరీక్షాకేంద్రంలో గుర్తింపుపత్రంపై ఉన్న పేరు, దరఖాస్తులోని పేరు ఒకటై ఉండాలి. కాబట్టి మన నామసంప్రదాయం తెలియని కార్యాలయానికి ఈ మూడు రూపాలూ ఒకే వ్యక్తివని పత్రాలతో చూపించే భారం అభ్యర్థిదే.

4. పరీక్ష – భాష – వృత్తిస్వభావం:

పత్రాలు ఆమోదం పొందినవారు ఎఫ్.పి.జి.ఇ.ఇ. అనే పరీక్ష రాయాలి. ఇందులో మౌలిక జీవవైద్యశాస్త్రాలు, ఔషధశాస్త్రాలు, సామాజిక–పరిపాలనా శాస్త్రాలు, చికిత్సాసంబంధ శాస్త్రాలు అనే నాలుగు విభాగాలున్నాయి. భారతీయ బి.ఫార్మసీ విద్య సంప్రదాయంగా ఔషధ తయారీకి, విశ్లేషణకు, పరిశ్రమ అవసరాలకు ప్రాధాన్యమిచ్చింది. మాత్ర ఎలా తయారవుతుంది, ఎంతసేపటిలో కరుగుతుంది అన్న విషయాలలో ఈ పట్టభద్రులకు గట్టి పునాది ఉంటుంది. ఆ మాత్రను మింగే రోగికి మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే మోతాదు ఎంత తగ్గించాలన్న ప్రశ్న అంతగా పరిచయం లేనిది. చివరి రెండు విభాగాలు కష్టమనిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆంగ్లభాషాసామర్థ్యానికి టోఫెల్ పరీక్ష ఉంది. ప్రతి విభాగానికి 30 మార్కులున్న పద్ధతిలో చాలాకాలం అమలైన కనీస మార్కులు ఇవి: చదవడం 22, వినడం 21, మాట్లాడడం 26, రాయడం 24. వీటిలో అత్యధికం మాట్లాడడానికి నిర్ణయించినది. ఈ అంకె వెనుక ఒక చట్టం కనిపిస్తుంది. 1990 నాటి సమగ్ర బడ్జెట్ సవరణచట్టం ప్రభుత్వ వైద్యసహాయం పొందే రోగులకు మందు ఇచ్చేటప్పుడు దాని గురించి వివరిస్తామని ఫార్మసీ తప్పక ప్రతిపాదించేలా రాష్ట్రాలను నిర్బంధించింది. అనేక రాష్ట్రాలు దానిని రోగులందరికీ విస్తరించాయి. దీనితో రోగితో మాట్లాడడం ఫార్మసిస్టు చట్టబద్ధమైన విధి అయింది. మన మందుల షాపుల్లో చీటీ చూసి మందు ఇచ్చి, కవరు మీద పూటకొక గీత గీసి పంపే అలవాటుకూ దీనికీ చాలా దూరం ఉంది.

పదజాలంలో కూడా తేడాలున్నాయి. మనం పారాసిటమాల్ అనేది అక్కడ ఎసిటమినోఫెన్. సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటరాల్. అడ్రినలిన్ అక్కడ ఎపినెఫ్రిన్. గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. రిఫాంపిసిన్ అక్కడ రిఫాంపిన్. 'షెడ్యూల్' అనే మాట రెండు దేశాలలోనూ ఉన్నా అర్థం వేరు. మన ఔషధనిబంధనలలో షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అన్నవి చీటీపై అమ్మవలసిన మందుల వర్గాలు. అమెరికాలో 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం ప్రకారం షెడ్యూల్ ఒకటి నుంచి ఐదు వరకు దుర్వినియోగానికి గల అవకాశాన్ని బట్టి చేసిన వర్గీకరణ. తెలిసిన మాటే కొత్త అర్థంతో ఎదురైనప్పుడు పొరపాటుకు అవకాశం ఎక్కువ. ఈ వృత్తిలో పొరపాటు ఫలితాన్ని అనుభవించేది రోగి.

5. శిక్షణగంటలు – లైసెన్సు:

ధ్రువపత్రం పొందినవారు రాష్ట్రబోర్డు వద్ద ఇంటర్న్‌గా నమోదై, లైసెన్సున్న ఫార్మసిస్టు పర్యవేక్షణలో నిర్ణీత గంటలు పనిచేయాలి. కాలిఫోర్నియాలో ఇది 1500 గంటలు. ఇతర రాష్ట్రాలలో సంఖ్య, షరతులు వేరుగా ఉంటాయి. ఆ తరువాత నాప్లెక్స్ అనే జాతీయ లైసెన్సు పరీక్ష, దానితోపాటు సంబంధిత ఔషధచట్టాలపై పరీక్ష ఉంటాయి. లైసెన్సు ఒక రాష్ట్రానికే పరిమితం. మరొక రాష్ట్రానికి మారాలంటే అక్కడి బోర్డు అనుమతి మళ్ళీ పొందాలి.

శిక్షణ ఒక పని కనుక పనిచేసే హక్కు కావాలి. ఈ దశలో వృత్తినిబంధన వలసనిబంధనతో ముడిపడుతుంది. హెచ్–1బి వీసాపై ఉన్న ఉద్యోగి జీవితభాగస్వామికి హెచ్–4 వీసా లభిస్తుంది. ఆ వీసాపై ఉన్నవారిలో కొన్ని వర్గాలకు మాత్రమే, అంటే ప్రధానంగా ఉద్యోగి శాశ్వతనివాస దరఖాస్తులో నిర్ణీత దశ దాటినప్పుడు, పనిచేసే అనుమతి కోరే వీలు 2015 మే నుంచి కలిగింది. భర్త ఉద్యోగరీత్యా వెళ్ళిన ఫార్మసీ పట్టభద్రురాలు ఇంట్లో కూర్చుని చదివి పరీక్షలన్నీ గట్టెక్కవచ్చు. పని అనుమతి లేనిదే శిక్షణగంటలు మొదలుకావు. జ్ఞానం ఉన్నా, ధ్రువపత్రం ఉన్నా, సంవత్సరాల తరబడి ఆగవలసి రావచ్చు.

6. మిగిలిన మార్గాలు:

2003 నిబంధన వల్ల అనర్హులైనవారికి ఉన్న మార్గాలు మూడు. అమెరికాలోనే ఫార్మ్.డి.లో చేరి మొదటినుంచి చదవడం ఒకటి. ఇది కాలంతోనూ, పెద్ద వ్యయంతోనూ కూడుకున్నది. ఔషధపరిశ్రమ, చికిత్సాపరిశోధన రంగాలకు మళ్ళడం రెండవది. ఫార్మసీ టెక్నీషియన్‌గా పనిచేయడం మూడవది. టెక్నీషియన్ మాత్రలు లెక్కించి సీసాలో నింపవచ్చు, బీమా వివరాలు చూడవచ్చు. రోగి మందు గురించి ప్రశ్న అడిగితే సమాధానం తెలిసినా ఫార్మసిస్టును పిలవాలి. వృత్తిజ్ఞానానికీ వృత్తిహక్కుకూ మధ్య ఉన్న దూరం ఈ సందర్భంలో స్పష్టమవుతుంది.

ఇతర దేశాలు ఇదే సమస్యను వేరుగా పరిష్కరించాయి. కెనడాలో నాలుగేళ్ళ బి.ఫార్మసీ పట్టభద్రులకు కూడా ప్రవేశం ఉంది. పత్రాల మదింపు, అర్హతమదింపు పరీక్ష, ఆపై రాతపరీక్ష, నటులు రోగులుగా వ్యవహరించే ప్రాయోగిక పరీక్ష ద్వారా సామర్థ్యాన్ని తేలుస్తారు. బ్రిటన్‌లో విదేశీ పట్టభద్రుల కోసం ఒక సంవత్సరం వారధికోర్సు, తరువాత 52 వారాల శిక్షణ, నమోదుపరీక్ష అనే క్రమం ఏర్పడింది. కెనడా సామర్థ్యాన్ని పరీక్షిస్తుంది, బ్రిటన్ లోటును పూరిస్తుంది, అమెరికా నిడివిని ముందుగా కొలుస్తుంది. నిడివికొలతకు పరిపాలనా సౌలభ్యం ఉంది. అయితే అందులో వ్యక్తి సామర్థ్యాన్ని పరిశీలించే అవకాశం మొదటి మెట్టుమీదే ముగిసిపోతుంది.

7. ముగింపు:

• అమెరికాలో ఫార్మసిస్టుగా అర్హత పొందడం జాతీయ ధ్రువీకరణ, రాష్ట్ర లైసెన్సు అనే రెండు అంచెల ప్రక్రియ.

• 2003 జనవరి 1 నుంచి అమలైన ఐదేళ్ళ నిబంధన బి.ఫార్మసీ పట్టభద్రులను పరీక్ష వరకు రానివ్వదు. పై చదువులు ఆ లోటును పూరించవు.

• భారతీయ ఫార్మసీ విద్య తయారీకేంద్రితంగానూ, అమెరికా వృత్తి రోగికేంద్రితంగానూ ఉండటం పరీక్షలోని కష్టానికి మూలం. ఫార్మ్.డి. కోర్సు ఈ అంతరాన్ని కొంత తగ్గించింది.

• వలసనిబంధనలు శిక్షణదశను నేరుగా ప్రభావితం చేస్తాయి. పరీక్షల ఉత్తీర్ణత ఒక్కదానితో ప్రక్రియ పూర్తికాదు.

• బి.ఫార్మసీకీ ఫార్మ్.డి.కీ మధ్య ఎంపిక ఇంటర్మీడియట్ తరువాత, పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో జరుగుతుంది. దాని పర్యవసానం పదేళ్ళ తరువాత పరదేశంలో తెలుస్తుంది. ప్రవేశసమయంలోనే ఈ భేదాన్ని విద్యార్థులకు, తల్లిదండ్రులకు వివరించడం, దేశం విడిచేలోపు కౌన్సిల్ నమోదు పూర్తిచేయించడం, అన్ని పత్రాలలో పేరు ఒకే విధంగా ఉండేలా చూడటం కళాశాలలు ఖర్చు లేకుండా చేయగల పనులు.