మీకు తెలుసా? లారీలో కాపురం

అల్లూరుకు పడమటగా పోయే చెన్నై–కోల్‌కతా హైవే మీద లారీకి డ్రైవరు, తోడుగా క్లీనరు. అమెరికాలో కొన్ని లారీల్లో ఆ తోడు కట్టుకున్న మనిషే! అక్కడ సరుకు లారీ డ్రైవరు వరసగా 10 గంటలు విశ్రాంతి తీసుకుంటేనే, ఆ తర్వాత 11 గంటల దాకా నడపొచ్చు. దంపతులిద్దరికీ లైసెన్సుంటే ఒకరు సీటు వెనక పరుపు మీద నిద్రపోతారు, మరొకరు స్టీరింగ్ పడతారు. బండి మాత్రం ఆగదు.

2025 దాకా అమల్లో ఉన్న మన 1961 మోటారు రవాణా కార్మికుల చట్టమూ రోజుకు 8 గంటల పనే అనేది. దూర ప్రయాణాలకైతే అనుమతితో 10. రొయ్యల లోడుతో తెల్లవార్లూ కళ్లు నులుముకుంటూ నడిపే మనవాళ్లకు ఆ నిద్ర దక్కాలి. ఆలుమగలు కలిసి బయల్దేరాలంటే దారిలో గడియపడే స్నానాలగదులూ ఉండాలి. ఒక ఊరట మాత్రం వచ్చింది: 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు.