నీలికాంతి

ఇంటిలో నెవరైన జబ్బుపడినచో, తిన్న యన్నమునో త్రాగిన నీటినో మనము ముందుగా శంకింతుము. అంతటితో నాగక మరికొంత యోచించిన యొక యిల్లాలి కథను నేడు వినిపింపదలచితిమి.

బ్రెజిల్ దేశమందలి గొయానియా నగరమున, క్యాన్సరు రోగులకు కిరణచికిత్స చేయు వైద్యశాల యొకటి వేరొకచోటికి తరలిపోగా, పాడుపడిన పాతకట్టడములో నొక యంత్రము మిగిలిపోయెను. 1987 సెప్టెంబరులో ఇరువురు దాని శిరోభాగమును ఊడదీసి, పాత యినుము కొను వర్తకునికి అమ్మిరి. అందలి పదార్థము రాత్రివేళ నీలముగా వెలుగుచుండెను. వర్తకుడు వింతపడి దానిని ఇంటికి దెచ్చి, బంధుమిత్రులకు పంచిపెట్టెను. అది సీసియము. కంటికి గానరాని దాని కిరణములు దేహమును లోలోన దహించునని వారెరుగరు.

కొలది దినములలో వాంతులు, విరేచనములు మొదలయ్యెను. ఆ వస్తువు వచ్చిన పిదపనే తనవారందరును ఒక్కమారుగా జబ్బుపడుటను వర్తకుని భార్య గమనించెను. సెప్టెంబరు 28న పనివాని నొకనిని తోడుగొని, దానిని సంచిలో నుంచి, బస్సులో ఆరోగ్యశాఖ కార్యాలయమునకు గొనిపోయెను. మరునాడు నిజము బయలుపడెను. 1,12,000 మందికి మించి ప్రజలను పరీక్షించిరి. 249 మందికి ఆ పదార్థము సోకియుండెను. నలువురు మరణించిరి. ఆ యిల్లాలును, వర్తకుని సోదరుని కుమార్తె యగు ఆరేండ్ల బాలికయు అక్టోబరు 23న ఒక్కనాడే కన్నుమూసిరి. ఊరిని కాచిన వివేకము ఆమెను కాపాడజాలకపోయెను.

పాడుపడిన చోట తెలియని వైద్యపరికరముగాని, మూడురెక్కల గురుతుగల లోహపు పెట్టెగాని కనబడినచో, బిడ్డలను ముట్టనీయక, దూరముగా నుండి అధికారులకు తెలుపుడని మా మనవి.